గ్రామకంఠం – కొత్త కొలతలు

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఇల్లు కట్టడంలోని కష్టాన్ని ఈ మాట చెబుతుంది గాని, కట్టిన ఇంటి హద్దును నిలుపుకోవడంలోని కష్టాన్ని చెప్పదు. మన గ్రామాలలో తరతరాలుగా నడిచే తగాదాలలో అనేకం ఎకరాల కోసం పుట్టినవి కావు. జానెడు గోడ కోసం, బారెడు సందు కోసం, చూరు నీరు ఎవరి దొడ్డిలో పడాలన్న మాట కోసం పుట్టినవి. పొలానికి సర్వే సంఖ్య ఉంటుంది, సర్వే రాయి ఉంటుంది, పటం ఉంటుంది. ఆ పొలాన్ని దున్నే రైతు నివసించే ఇంటికి మాత్రం చాలా గ్రామాలలో ఇటీవలి వరకు అటువంటి పటమే లేదు.

ఈ విచిత్ర పరిస్థితికి కారణం చరిత్రలో ఉంది. ఆంగ్లేయుల పాలనలో భూముల కొలత ప్రధానంగా శిస్తు వసూలు కోసం జరిగింది. పంట పండే ప్రతి చెక్కనూ గొలుసులతో కొలిచి, పుస్తకాలకెక్కించి, శిస్తు నిర్ణయించారు. జనం ఇళ్ళు కట్టుకొని నివసించే భాగానికి శిస్తు లేదు. శిస్తు లేనిచోట కొలతకు ఖర్చు దండుగ అని నాటి పాలకులు భావించారు. అందుచేత ఊరంతటినీ కలిపి ఒకే సర్వే సంఖ్య కింద చూపి, చుట్టూ ఒక గీత గీసి వదిలిపెట్టారు. ఆ గీత లోపలి భాగమే గ్రామకంఠం. దానిలో ఏ ఇల్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కాగితం మీద ఉండదు. ఊరి పెద్దల జ్ఞాపకంలో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో కరణాల వ్యవస్థ రద్దయిన తరువాత, ఊరిని అరచేతిలోని గీతల వలె ఎరిగిన ఆ జ్ఞాపకం కూడా క్రమంగా కనుమరుగైంది.

పటం లేకపోతే వచ్చే నష్టమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు చేతిలో ఉన్నంత మాత్రాన ఆ స్థలంపై హక్కు రుజువు కాదు. హక్కుకు పత్రం లేని ఇంటిని తాకట్టు పెట్టుకొని అప్పు ఇవ్వడానికి బ్యాంకు వెనుకాడుతుంది. బ్యాంకు మొగం చాటేసినప్పుడు కూతురి చదువుకో, వైద్యానికో డబ్బు కావలసిన కుటుంబం అధిక వడ్డీకి అప్పిచ్చే వ్యాపారి గుమ్మం ఎక్కుతుంది. అన్నదమ్ములు విడిపోయేటప్పుడు ఉమ్మడి వసారాను ఎవరు ఎంత తీసుకోవాలో తేల్చడానికి ఆధారం దొరకదు. భర్త మరణించిన స్త్రీని అత్తవారింటి నుండి పంపివేయదలచినవారికి ఆ ఇంటికి కాగితం లేకపోవడమే కలిసివస్తుంది.

ఈ లోటును తీర్చడానికి కేంద్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్ 24న, జాతీయ పంచాయతీరాజ్ దినోత్సవం నాడు, 'స్వామిత్వ' పథకాన్ని ప్రారంభించింది. 1767లో ఏర్పడిన భారత సర్వేక్షణ సంస్థ దీనికి సాంకేతిక బాధ్యత వహించింది. అదే సంవత్సరం అక్టోబరు 11న ఆరు రాష్ట్రాలలోని 763 గ్రామాలకు చెందిన ఇళ్ళ యజమానులకు తొలి ఆస్తి పత్రాలు అందాయి. ఈ పత్రానికి ఉత్తరప్రదేశ్‌లో 'ఘరౌనీ' అని, మహారాష్ట్రలో 'సనద్' అని పేరు. 2021లో పథకం దేశమంతటికీ విస్తరించింది. 2025 జనవరి 18న ఒక్కరోజే 65 లక్షలకు పైగా పత్రాలను పంపిణీ చేశారు. అప్పటికి 3 లక్షల 17 వేలకు పైగా గ్రామాలపై డ్రోన్లు ఎగిరి చిత్రాలు తీయడం పూర్తయింది. ఆంధ్రప్రదేశ్‌లో పొలాలతో పాటు గ్రామకంఠాలను కూడా కలుపుకొని సమగ్ర భూముల రీసర్వే 2020 డిసెంబరు 21న నాటి కృష్ణా జిల్లా జగ్గయ్యపేట మండలంలోని తక్కెళ్ళపాడులో మొదలైంది.

ఇంత పని గొలుసుతో అయ్యేది కాదు. గొలుసు లాగడానికి ఒక కొననుండి మరొక కొన కనబడాలి. పొలంలో అది సాధ్యం. వంకర టింకర సందులు, అరుగులు, ప్రహరీలు, పశువుల కొట్టాలు, గడ్డివాములు నిండిన ఊరిలో అది దుర్లభం. ఉపగ్రహ సంకేతాలను అందుకొని స్థానాన్ని చెప్పే పరికరానికి కూడా ఇరుకు సందులో ఇబ్బందే. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తునుండి వచ్చే సంకేతం ఎదుటి గోడకు తగిలి, మళ్ళి పరికరాన్ని చేరితే, అది నిలిచిన చోటు ఒకటి, చూపే చోటు మరొకటి అవుతుంది. కాబట్టి ఊరిని పైనుండి చూడవలసి వచ్చింది.

పైనుండి చూడడం రెండు విధాలు. మొదటిది ఛాయాచిత్రాలతో కొలవడం. డ్రోను ఊరిపై మగ్గంలోని నాడె వలె అటూ ఇటూ తిరుగుతూ, ఒక చిత్రంలో కనిపించినది తరువాతి చిత్రంలోనూ చాలావరకు కనిపించేటట్లు వందలాది చిత్రాలు తీస్తుంది. ఒకే గోడ మూల రెండు చిత్రాలలో రెండు వేర్వేరు కోణాలలో కనబడుతుంది. రెండు స్థానాల మధ్య దూరం, ఆ రెండింటి నుండి చూసిన కోణాలు తెలిస్తే మూడవ బిందువును లెక్కకట్టవచ్చునన్నది త్రికోణమితి. కర్నల్ లాంబ్టన్ 1802 ఏప్రిల్ 10న మద్రాసులోని సెయింట్ థామస్ కొండ దగ్గర ఆధారరేఖను కొలవడం ప్రారంభించి, భారతదేశపు మహా త్రికోణమితి సర్వేకు పునాది వేసినది ఈ సూత్రంతోనే. ఆనాటి ఆధారరేఖ పొడవు సుమారు ఏడున్నర మైళ్ళు. ఈనాటి ఆధారరేఖ డ్రోను ఒక చిత్రానికీ మరొక చిత్రానికీ మధ్య ఎగిరిన కొద్ది దూరం. అప్పుడు బరువైన థియోడలైటును మనుషులు కొండలకెక్కించారు. ఇప్పుడు అటువంటి లెక్కలను కోట్లసార్లు కంప్యూటరు చేస్తుంది.

రెండవ విధానం లేజరు కాంతితో కొలవడం. పరికరం ఒక కాంతి స్పందనను పంపి, అది దేనికో తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని గుణిస్తుంది. కాంతి వేగం సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్లు. 120 మీటర్ల ఎత్తునుండి బయలుదేరిన స్పందన నేలను తాకి తిరిగి రావడానికి సెకనులో పది లక్షల వంతుకన్నా తక్కువ కాలం పడుతుంది. కాలాన్ని కొలవడంలో సెకనులో నూరు కోట్ల వంతు పొరపాటు జరిగితే దూరంలో 15 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఒక ఇటుక వెడల్పుకన్నా ఎక్కువన్నమాట. కాబట్టి ఈ గడియారం ఎంత సూక్ష్మమైనదో ఊహించుకోవచ్చు. లేజరుకు మరొక సుగుణం ఉంది. వేపచెట్టు కింద ఉన్న ఇల్లు ఛాయాచిత్రంలో ఆకుల కింద దాగిపోతుంది. లేజరు కిరణాలలో కొన్ని ఆకుల సందులలోనుండి దూరి కప్పును, నేలను తాకి వస్తాయి. అయితే ఈ పరికరం ఖరీదైనది. స్వామిత్వలో ప్రధానంగా వాడినవి ఛాయాచిత్రాలే. వాటిలో ఒక్కొక్క చుక్క నేలమీద సుమారు 5 సెంటీమీటర్ల మేర ఉంటుంది.

ఏ దారిలో వెళ్ళినా చేతికి అందేది లెక్కలేనన్ని బిందువుల సముదాయం. గణిత విద్యార్థులు త్రిపరిమాణ జ్యామితిలో ఒక బిందువుకు మూడు నిరూపకాలు ఉంటాయని చదువుకుంటారు. తూర్పుకు ఎంత, ఉత్తరానికి ఎంత, ఎత్తు ఎంత అనే ఆ మూడు సంఖ్యలతో ఊరంతా కోట్లాది చుక్కలుగా కంప్యూటరులోకి ప్రవేశిస్తుంది. దీనినే 'పాయింట్ క్లౌడ్' అంటారు. తెరపై చూస్తే ఊరు ఊరివలెనే ఉంటుంది. కాని కంప్యూటరుకు ఏ చుక్క గోడదో, ఏ చుక్క గేదెదో తెలియదు. దాని దృష్టిలో అన్నీ మూడేసి అంకెలే. ఈ అంకెల రాశి నుండి ఇంటి హద్దును వెలికితీయడమే ఈ విద్యలోని అసలు కౌశలం.

మొదట నేలను వేరుచేయాలి. ఇందుకు 2016లో వెలువడిన ఒక పద్ధతి చాలా ముచ్చటైనది. చుక్కల సముదాయాన్ని కంప్యూటరులో తలకిందులు చేస్తారు. అప్పుడు ఇళ్ళు, చెట్లు గుంటలుగా మారి, నేల పైకి వస్తుంది. దానిపై ఒక ఊహా వస్త్రాన్ని జారవిడుస్తారు. కొంచెం బిగువు గల ఆ వస్త్రం గుంటలలోకి పూర్తిగా దిగజాలక, నేలను మాత్రం అంటుకొని నిలుస్తుంది. వస్త్రానికి తగిలిన చుక్కలు నేల. తగలనివి నేలపై నిలిచినవి. ఊరు ఏటవాలుగా ఉన్నా, గుట్టపక్కన ఉన్నా ఈ ఉపాయం చాలావరకు పనిచేస్తుంది. ఆ తరువాత ప్రతి చుక్క నేలనుండి ఎంత ఎత్తులో ఉందో తేలుతుంది.

ఇక్కడే చూరు సమస్య ఎదురవుతుంది. పైనుండి చూసినవారికి కనిపించేది ఇల్లు కాదు, ఇంటి కప్పు. పెంకుటింటికి గాని, పూరింటికి గాని గోడ దాటి చూరు ముందుకు వస్తుంది. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల ఇల్లు 600 చదరపు అడుగులు. నాలుగు వైపులా రెండేసి అడుగుల చూరు ఉంటే కప్పు 34 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు అవుతుంది. అంటే 816 చదరపు అడుగులు. కప్పునే ఇంటి హద్దుగా గీస్తే 216 చదరపు అడుగులు, అంటే 24 గజాలు, దాదాపు అర సెంటు స్థలం ఎక్కువగా నమోదవుతుంది. ఆ అర సెంటు ఆకాశంనుండి ఊడిపడదు. పొరుగువాని దొడ్డినుండో, ఊరి బాటనుండో వస్తుంది. డాబా ఇళ్ళకూ, రాయలసీమలోని మట్టి మిద్దెలకూ ఈ బాధ తక్కువ. పాత పెంకుటిళ్ళు ఒకదానినొకటి ఒరుసుకొని నిలిచిన వీధులలో రెండిళ్ళ చూరులు కలిసిపోయి, వాటి మధ్యనున్న సందు పైనుండి అసలే కనిపించదు.

అందుకే కప్పును వదలి గోడను పట్టుకోవాలి. కెమెరాను నిట్టనిలువుగా కాక ఏటవాలుగా వంచి నాలుగు దిక్కులనుండి చిత్రాలు తీస్తే గోడలు కనబడతాయి. ఇంకా లోపలికి పోవలసి వస్తే చేతపట్టుకొనే లేజరు పరికరంతో మనిషి వీధివెంట నడిచి గోడలను కొలుస్తాడు. ఆ రెండు సముదాయాలను ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చుతారు. అటు తరువాత గోడను గుర్తించడానికి ఒక చక్కని మార్గం ఉంది. ప్రతి చుక్క చుట్టుపక్కలనున్న చుక్కలతో ఒక చిన్న సమతలాన్ని ఊహించి, దానికి అభిలంబం గీస్తారు. కప్పుకు గీసిన అభిలంబం పైకి చూస్తుంది. గోడకు గీసినది పక్కకు చూస్తుంది. పక్కకు చూసే వాటిని మాత్రమే ఉంచి, అన్నిటినీ నేలమీదికి దించుతారు. మూడు మీటర్ల గోడపై ప్రతి 5 సెంటీమీటర్లకు ఒక చుక్క ఉందనుకుంటే, దించినప్పుడు ఒకే చోట అరవై చుక్కలు గుట్టపడతాయి. ఆ గుట్టల వరుసే గోడ అడుగు.

వరుస దొరికినా అది గీత కాదు. చుక్కలు కొంత అటూ ఇటూ చెదరి ఉంటాయి. గోడకు ఆనించిన నిచ్చెన, ఆరవేసిన బట్టలు, నిలబెట్టిన సైకిలు కూడా వాటిలో కలుస్తాయి. వీటిని ఏరివేయడానికి 1981లో ఫిష్లర్, బోల్స్ అనే శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఉపాయం నేటికీ వాడుకలో ఉంది. గుంపులోనుండి ఏవో రెండు చుక్కలను తీసి వాటిగుండా గీత గీస్తారు. ఆ గీతకు దగ్గరగా ఎన్ని చుక్కలు ఉన్నాయో లెక్కిస్తారు. మళ్ళీ వేరే రెండు తీస్తారు. ఇలా వందలసార్లు చేసి, ఎక్కువ చుక్కల మద్దతు పొందిన గీతనే గోడగా స్వీకరిస్తారు. ఒక రకంగా ఇది చుక్కల పంచాయతీ, మెజారిటీదే మాట. నిచ్చెన, సైకిలు ఓడిపోతాయి. అటువంటి రెండు గీతలు ఖండించుకొన్న చోటు ఇంటి మూల అవుతుంది. ఇటీవలి కాలంలో వేలాది ఇళ్ళను చూపించి, గోడ ఏదో చెట్టు ఏదో కంప్యూటరు తనంతట తాను నేర్చుకొనేటట్లు చేసే పద్ధతులు కూడా బలపడ్డాయి.

ఇంతవరకు వచ్చిన తరువాత యంత్రం చేసే ఒక తప్పు గమనింపదగినది. పట్టణాలలోని భవనాలను దృష్టిలో ఉంచుకొని తయారుచేసిన ప్రోగ్రాములు ప్రతి మూలా లంబకోణమని నమ్ముతాయి. కొంచెం వంకరగా వచ్చిన మూలను తామే సరిదిద్ది, చక్కని దీర్ఘచతురస్రాన్ని గీసి ఇస్తాయి. చూడడానికి ఆ పటం ముచ్చటగా ఉంటుంది. కాని తాతల నాటి ఇల్లు వాగు వంపును బట్టో, బాట మలుపును బట్టో కట్టినది. పది మీటర్ల గోడ మూడు డిగ్రీలు పక్కకు జరిగి ఉంటే, చివరకు వచ్చేసరికి తేడా అర మీటరు దాటుతుంది. యంత్రం అందం కోసం సరిచేసిన ఆ అర మీటరు, నేలమీద ఒక మనిషి నడిచే సందు. గ్రామంలో కొలిచేటప్పుడు పటం వంకరగా ఉండడమే మేలు. వంకర గోడకు వంకర గీతే న్యాయం.

ఇక యంత్రానికి అసలు కనిపించనివి కొన్ని ఉన్నాయి. రెండిళ్ళ మధ్య ఒకే గోడ ఉంటే అది ఉమ్మడి గోడా, ఒకరిదేనా అన్నది చుక్కలలో రాసి ఉండదు. ఒకే కప్పు కింద ముగ్గురు అన్నదమ్ములు మూడు పొయ్యిలు పెట్టుకొని జీవిస్తుంటే దానికి కనిపించేది ఒకే ఇల్లు. ఖాళీ స్థలానికి గోడే ఉండదు. అన్నిటికన్నా బాధాకరమైనది పాడుబడిన ఇంటి సంగతి. పాలమూరు నుండో, అనంతపురం నుండో పనులు వెతుక్కుంటూ దూర నగరాలకు వలసపోయిన కుటుంబం తిరిగి వచ్చేసరికి వారి మట్టిగోడలు వానలకు కరిగి దిబ్బ అయి ఉండవచ్చు. డ్రోను ఎగిరిన రోజున అక్కడ ఇల్లు లేదు. యంత్రం ఆ దిబ్బను నేలతో కలిపివేస్తుంది. ఆ స్థలం తమదని చెప్పడానికి ఆ కుటుంబం ఊరిలో లేదు.

ఈ లోపాన్ని ఎరిగే స్వామిత్వలో డ్రోను ఎగరడానికి ముందు ఒక పని పెట్టారు. ముందుగా గ్రామసభ జరిపి ప్రజలకు విషయం తెలియజేస్తారు. నిర్ణయించిన రోజున యజమానులు, పంచాయతీ, రెవెన్యూ సిబ్బంది కలిసి ప్రతి ఆస్తి చుట్టూ సున్నంతో గీత గీస్తారు. పెళ్ళికి వాకిలి తీర్చినట్లు ఆ రోజు ఊరంతా తెల్లని గీతలతో నిండిపోతుంది. ఇరుగుపొరుగు ఇద్దరూ నిలబడి ఒప్పుకొన్న చోట గీత పడుతుంది; ఒప్పుకోని చోట తగవు అక్కడికక్కడే బయటపడుతుంది. పైనుండి డ్రోను చూసేది ఈ గీతను కూడా. పటం సిద్ధమైన తరువాత దానిని తిరిగి గ్రామానికి తెచ్చి, ఇల్లిల్లూ తిరిగి సరిచూస్తారు. అభ్యంతరాలు ఉన్నవారు చెప్పుకోవడానికి గడువు ఇస్తారు. ఆ తరువాతనే ఆస్తి పత్రం తయారవుతుంది. మన రాష్ట్రాలలో 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం కూడా కొలతకు ముందు నోటీసు ఇవ్వాలని, నిర్ణయంపై అప్పీలుకు, ఆపైన సివిలు కోర్టుకు వెళ్ళే అవకాశం ఉండాలని చెబుతుంది. లేజరు వచ్చినా నోటీసు అవసరం పోలేదు.

పత్రం చేతికి వచ్చినంతనే పని ముగియదు. ఊరు మారుతూనే ఉంటుంది. వసారా మూసి గది కడతారు, పెంకులు తీసి స్లాబు వేస్తారు, ప్రహరీని కొంచెం ముందుకు జరుపుతారు. కొన్నేళ్ళ తరువాత మరొకసారి డ్రోనును ఎగరవేసి, పాత చుక్కలనుండి కొత్త చుక్కలను తీసివేస్తే, మారిన గోడలు మాత్రమే తెరపై మిగులుతాయి. సిబ్బంది ఊరంతా తిరగకుండా ఆ ఇళ్ళకే వెళ్ళి విచారిస్తే సరిపోతుంది. కాని తండ్రి మరణించిన పిమ్మట కూతురికి వచ్చిన వాటాకు కొత్త గోడ లేవదు. ఆ మార్పు తెరపై ఎన్నటికీ కనబడదు. ఆమె పేరు పత్రంలోకి రావాలంటే మరణ ధ్రువీకరణ పత్రంతో, వారసత్వ రుజువుతో ఎవరో ఒకరు కార్యాలయానికి వెళ్ళి దరఖాస్తు పెట్టవలసిందే.